సెల్లుల్లేని రేడియోలో మూడు పిలుపులు

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. నేను నమ్మేది సాక్ష్యాన్ని. వరంగల్ మార్కెట్లో గోనె సంచుల వ్యాపారం చేసినవాణ్ని. సంచికి చిల్లు ఉందంటే చెయ్యి పెట్టి చూస్తాను, లేదన్నా చెయ్యి పెట్టి చూస్తాను. అలాంటివాడు చెబుతున్న సంగతి ఇది.

ఇన్నేళ్లూ దీన్ని కాగితం మీద పెట్టలేదు. మొన్న విజయవాడ వైపు పోతుంటే, రైలు నెక్కొండ దాటగానే పెట్టెలో ఉన్నవాళ్ల ఫోన్లన్నీ మూగబోయాయి. నా ఎదురుగా కంప్యూటర్ ఉద్యోగం చేసే ఒకాయన కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ టప్పున మూసి, "రైళ్లలో వైఫై ఇస్తమంటరు, అన్నీ మాటలే. ఈ ఏరియాల ఎన్నడు సిగ్నల్ ఉండదు" అని విసుక్కున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. "ఒకసారి వచ్చింది" అన్నాను. ఎప్పుడని అడిగాడు. డెబ్బైల చివర అన్నాను. ఆయన నవ్వాడు. పక్కనున్న ఆమెకు మోచేత్తో సైగ చేసి మరీ నవ్వాడు.

ఆ నవ్వు కోసమే ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను మార్కెట్ రోజుల్లో వరంగల్ నుంచి ప్యాసింజర్ ఎక్కి కేసముద్రం పోయేవాణ్ని. అక్కడి మార్కెట్ యార్డులో, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణాలకు సంచులు వేసేవాణ్ని. పొద్దుటి బండికి పోయి సాయంత్రం బండికి తిరిగి రావడం. ప్రయాణం ఎక్కువేమీ కాదు గానీ, బొగ్గు ఇంజను బండి, ప్రతి స్టేషన్లో కూలబడేది. రైలెక్కామంటే దిగేదాకా మనం ఎవరికీ దొరకం, మనకెవరూ దొరకరు. ఇంట్లో పిడుగు పడ్డా తెలిసేది దిగాకే. పొద్దుపోవడానికని ట్రాన్సిస్టర్ కొన్నాను.

హన్మకొండ చౌరస్తాలో కొన్నాను. దుకాణదారు పేరు రాయను, ఆయన ఇప్పుడు లేడు. నేను ముందే అడిగాను, రైల్లో పాడుతుందా అని. "పోతున్న రైల్ల గూడ పాడుతది సేట్, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఇవి అచ్చంగా అతని మాటలు. నమ్మి కొన్నాను. ఆ రోజుల్లో రేడియోకు లైసెన్సు ఉండాలి, పోస్టాఫీసుకు పోయి అది కూడా కట్టాను.

రైలు స్టేషన్లో ఆగి ఉన్నంతసేపు శుభ్రంగా పాడేది. కదిలిందంటే గరగర. ఏరియల్ కిటికీ బయటికి పెట్టాను. రాగి తీగ తెచ్చి ఒక కొస ఏరియల్‌కు, ఇంకో కొస కిటికీ చువ్వకు చుట్టాను. గరగరే. వాపసు తీసుకోమని దుకాణానికి పోతే, అతను నలుగురు గిరాకీల ముందర "రైలంటే ఇనుప డబ్బ. డబ్బల కూసోని పాట రాలేదంటే నేనేం జేస్త?" అన్నాడు. అమ్మేటప్పుడు డబ్బ సంగతి యాదికి రాలేదా అని అడిగాను. ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

ఇక వదలలేదు. రేడియోను ప్రతి ప్రయాణంలో వెంట తీసుకుపోయాను. బండి కదలగానే ఆన్ చేసి, పక్కవాళ్లకు చెవి దగ్గర పెట్టి, "పాడుతుందా లేదా? మీరే చెప్పండి" అని అడిగేవాణ్ని. పాడటం లేదని అందరితో అనిపించేవాణ్ని. అవసరమైతే వాళ్లను ఆ దుకాణం ముందు నిలబెడదామని నా ఉద్దేశం.

ఆ బండిలో నాకు ప్రతిసారీ దొరికే సాక్షి గాజుల యాదమ్మ. వరంగల్‌లో గాజులు కొని, కేసముద్రం చుట్టుపక్కల ఊళ్లలో అమ్ముకునేది. రెండు మోచేతుల దాకా గాజులు వేసుకుని వచ్చేది, అదే ఆమె దుకాణం. ఎన్నిసార్లు అడిగినా ఓపికగా విని, "పాడుతలేదు సేటూ" అనేది. చివరికొక రోజు, "నీ డబ్బ పాడుతలేదు గని, నువ్వయితే మస్తు పాడుతానవ్" అంది. సాక్ష్యం సాక్ష్యమే కాబట్టి పట్టించుకోలేదు.

ఇక్కడ మా బావ సంగతి చెప్పాలి.

మా అక్క సుగుణమ్మను కేసముద్రంలోనే ఇచ్చాం. బావ మిర్చి వ్యాపారి. వాళ్ల కొత్తింటి గృహప్రవేశంలో పంక్తిలో కూర్చుని తింటున్నాం. నా రేడియో గొడవ అప్పటికి అందరికీ తెలుసు. బావ వడ్డిస్తూ వచ్చి నా ముందు ఆగి, "రేడియోకయితే సెల్లు అయిపోతది, మా బామ్మర్దికి అయిపోదు" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. కొందరికి పొలమారింది కూడా. నేను విస్తట్లోనే చెయ్యి కడుక్కుని లేచాను. అక్క పెరుగు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కనని అక్కడే చెప్పాను.

తొక్కలేదు. ప్రతి మార్కెట్ రోజూ అదే ఊరికి పోయి, పని చూసుకుని, హోటల్లో తిని వచ్చేవాణ్ని. స్టేషన్ నుంచి యార్డుకు పోయే దారిలోనే అక్క వాళ్ల గల్లీ. అక్క గల్లీ మొదట్లో నిలబడి నన్ను పిలిచేది. "శంకరా... శంకరా... శంకరా..." మూడుసార్లు.

అది ఆమె అలవాటు. మా అమ్మ నేర్పింది. కంటికి కనపడని మనిషి పేరు పెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకు పలకకూడదు, మా వైపు ఇది అందరికీ తెలిసిందే. రాత్రయినా, మిట్ట మధ్యాహ్నమైనా అంతే. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు, మనిషి కానిదైతే మూడోసారి పిలవలేదు అంటారు. అందుకని అక్క చిన్నప్పటి నుంచీ ఎవరినైనా మూడుసార్లే పిలిచేది. ఎదురుగా నిలబడ్డా సరే. 'రా'ను సాగదీసి, పిలుపుకూ పిలుపుకూ మధ్య కాస్త ఆగేది.

నేను తిరిగి చూసేవాణ్ని కాదు. పిలవాల్సింది ఆమె కాదు, ఆయన.

అది మిర్చి సీజను. ఎండలు ముదిరాయి. పొద్దుటి బండి ఆ రోజు బాగా ఆలస్యమై, ఎండ నెత్తికెక్కుతుండగా వరంగల్‌లో బయల్దేరింది. కూర్చున్నాక రేడియో చేతికి తేలిగ్గా తగిలింది. వెనక మూత తీస్తే సెల్లులు లేవు. ముందు రోజు కరెంటు పోతే నా భార్య వాటిని తీసి టార్చిలైటులో వేసింది. నాకు చెప్పలేదు. ఆమె ఎప్పుడూ చెప్పదు, అది వేరే సంగతి.

యాదమ్మ కూడా వంగి చూసింది. "ఇయ్యాల దానికి ఉపాసమా సేటూ?" అంది. కేసముద్రంలో కొత్త సెల్లులు కొని, వాపసు వచ్చేటప్పుడు సాక్ష్యం చూద్దామనుకున్నాను. మూత పెట్టి రేడియోను ఒళ్లో పెట్టుకున్నాను. సెల్లులు లేవని నేనొక్కణ్నే కాదు, ఆమె కూడా చూసింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నెక్కొండ దాటింది. ఇంటికన్నె దాటింది. బండి మంచి వేగం మీద ఉంది. కిటికీలోంచి వేడి గాలి, బొగ్గు నుసి. పెట్టెలో సగం మంది కునుకుతున్నారు.

ఒళ్లో గరగరమంది.

ఇంకెవరిదో రేడియో అనుకుని చుట్టూ చూశాను. ఎవరి దగ్గరా లేదు. నా అరచేతుల కింద రేడియో సన్నగా అదురుతోంది. బండి అదురు కాదు, ఆ తేడా నాకు తెలుసు. పాట నడిచేటప్పుడు లోపలి స్పీకరు అదిరే అదురు అది.

"శంకరా..."

మా అక్క గొంతు. అలసిపోయి, చాలా లోతులోంచి వచ్చినట్టు ఉంది. అయినా ఆమె గొంతే, ఆ సాగదీత ఆమెదే.

నోరు తెరవబోయాను. అంతలో యాదమ్మ గాజుల చెయ్యి నా నోటి మీద పడింది. "పలుకకు సేటూ! మిట్ట మధ్యాన్నం. మూడుసార్లు కానియ్యి" అంది. అంటే ఆమెకూ వినపడింది. నాకొక్కడికే వినపడి ఉంటే ఇదంతా ఎండదెబ్బ అని నేనే కొట్టిపారేసేవాణ్ని.

చాలాసేపు ఏమీ లేదు. చక్రాల చప్పుడు తప్ప.

"శంకరా..."

మళ్లీ అంతసేపు. ఊపిరి కూడగట్టుకుంటున్న మనిషి ఆగినట్టుగా ఆగింది.

"శంకరా..."

యాదమ్మ నా నోటి మీంచి చెయ్యి తీసేసింది. "మనిషే. పలుకు" అంది.

"ఆఁ అక్కా! వస్తాన!" అని రేడియోలోకి గట్టిగా అరిచాను. కునుకుతున్నవాళ్లు లేచి చూసి నవ్వారు. నవ్వనీ. అరుపు వాళ్లందరూ విన్నారు కదా, వాళ్లూ సాక్షులే.

రేడియో ఆగిపోయింది. మూత తీశాను. ఖాళీ. సెల్లులుండే గాడి, తుప్పు పట్టిన స్ప్రింగు. యాదమ్మ వేలు పెట్టి మరీ తడిమి చూసింది.

కేసముద్రంలో దిగి, సంచుల కట్టలు ప్లాట్‌ఫాం మీదే వదిలేసి, అక్క గల్లీకి నడిచాను. యాదమ్మ కూడా నా వెనకే వచ్చింది. గల్లీ మొదట్లో అక్క లేదు. మార్కెట్ రోజున ఆమె అక్కడ లేకపోవడం అదే మొదటిసారి.

ఇంటి తలుపు లోపల గొళ్ళెం పెట్టి ఉంది. కొట్టాను, పిలిచాను. పలుకు లేదు. పక్కింటి కొమురవ్వ నీడలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. అక్క ఇంట్లో ఉందా అని అడిగాను.

"ఉన్నది కొడుకా. నీ బావ మానుకోట పోయిండు. ఇందాక 'కొమురవ్వా' అని ఒక్కసారి పిల్శింది. మల్ల పిలుస్తదేమో అని సూస్తాన, పిలువలే."

"మరి పోయి చూడలేదా?"

"ఒక్కపారే పిల్శింది బిడ్డా. మిట్ట మధ్యాన్నం ఒక్క పిలుపుకు ఎవలన్న పోతరా? సుగుణమ్మ అయితే మూడుసార్లు పిలుస్తది గద" అంది.

ఆమెతో అప్పుడు వాదించలేదు, తర్వాత వాదించాను. ఆమె పెరట్లోంచి గోడెక్కి అవతలికి దూకాను. గడప తొక్కనన్న మాట తప్పలేదని ఇక్కడే చెప్పుకోవాలి. గోడ మీంచి పోయాను.

వెనక అర్రలో బావ మిర్చి బస్తాలు పేర్చి పెట్టాడు. ధర వస్తుందని ఇంటి నిండా నింపడం ఆయన పద్ధతి. గోడవారన ఒకదాని మీద ఒకటి, పైకప్పు దాకా. అవి కూలి ఉన్నాయి. అర్రంతా ఘాటు, కళ్లు తెరవనీయడం లేదు. బస్తాల కింద నుంచి ఒక చెయ్యి, కొంగు కొస మాత్రం కనపడుతున్నాయి.

ముందు తలుపు తీసి అరిచాను. యాదమ్మ, కొమురవ్వ, రోడ్డు మీద పోతున్న ఇద్దరు హమాలీలు వచ్చారు. బస్తాలు లాగుతుంటే నా చేతికి తగిలినవి నేను వేసిన సంచులే. నా దుకాణం ముద్ర ఉంది వాటి మీద.

అక్క బతికే ఉంది. మొహమంతా ఎర్రగా వాచిపోయింది, పెదవులు పగిలాయి. ఎత్తి వాకిట్లో మంచం మీద వేశాం. హమాలీలు లారీ కోసం పరిగెత్తారు. యాదమ్మ మొహం తుడిచి, గుడ్డ తడిపి నోట్లో చుక్కలు పిండింది. అక్క పెదవులు కదిలాయి. మేమిద్దరం చెవులు దగ్గర పెట్టాం. గొంతు లేదు, వట్టి గాలి.

"వస్తాన అంటివి... గింతసేపా?"

ఆ తొందరలో నాకు మాట బుర్రకెక్కలేదు. యాదమ్మకు ఎక్కింది. ఆమె చేతిలో తడిగుడ్డ అలాగే ఆగిపోయింది.

వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. పక్కటెముకలు విరిగాయి. ఘాటుకు గొంతు పూడుకుపోయింది. ఇంకాసేపు ఆలస్యమైతే ఊపిరాడక పోయేదని డాక్టరు చెప్పాడు.

బావ మానుకోట నుంచి చీకటిపడ్డాక వచ్చాడు. నీకెవరు చెప్పారని అడిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను, సెల్లుల సంగతితో సహా. ఆయన నవ్వలేదు. నా రేడియోను చేతిలోకి తీసుకుని, మూత తీసి ఖాళీ గాడిని చాలాసేపు చూసి, కండువాతో తుడిచి నాకిచ్చాడు. అదే క్షమాపణ అని మా వాళ్లందరూ అంటారు. నేను ఒప్పుకోను. పంక్తిలో నలుగురి ముందు నోటితో అన్నది నోటితోనే వెనక్కి తీసుకోవాలి. ఆయన తీసుకోలేదు. అక్క కోసం ఆ తర్వాత నేను ఆ గడప తొక్కాను, ఆయన కోసం కాదు.

అక్కకు మాట వచ్చాక కూర్చోబెట్టి అడిగాను. నేను ముందుగా ఏమీ చెప్పలేదు, యాదమ్మను కూడా చెప్పొద్దన్నాను. సాక్షి నోట్లో మనం మాట పెట్టకూడదు.

అక్క చెప్పింది ఇది. బస్తాలు మీద పడగానే ఉన్న ఊపిరంతా పెట్టి కొమురవ్వను పిలిచింది. ఆ ఒక్క పిలుపుతో ఛాతీలో గాలి అయిపోయింది. ఘాటు లోపలికి పోయింది. రెండోసారి నోరు తెరిస్తే చప్పుడు రాలేదు. కొమురవ్వ ఎందుకు రావడం లేదో ఆమెకు అర్థమైంది. మూడుసార్లు పిలిస్తేనే వస్తుంది. మూడుసార్లు పిలిచే శక్తి లేదు.

"నువ్వు గుర్తుకొచ్చినవ్. మార్కెట్ రోజు గద, బండిల ఉంటవనుకున్న. గొంతు లేకపోయినా పెదవులతోనే పిల్శిన. మూడుసార్లు పిల్శిన, నువ్వు నమ్మాలె గద."

"నేను పలికినట్టు నీకెట్ల తెలుసు?"

అక్క నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "పలికినవ్ గద, 'ఆఁ అక్కా, వస్తాన' అని. చెవుల దగ్గర్నే ఇనవడ్డది. గందుకే ఊపిరి బిగవట్టుకోని ఉన్న. లేకుంటే ఎందుకుందు?"

గల్లీలో అన్నిసార్లు పిలిచినా పలకనివాడివి, ఆ రోజు పలికావు అని కూడా అంది. దానికి నేను బావ సంగతి గుర్తుచేశాను.

ఆమె గొంతున్నప్పటి పిలుపు గోడ అవతలి మనిషికి వినపడి కూడా పనికి రాలేదు. గొంతు లేకుండా పిలిచినవి పోతున్న రైల్లోకి వచ్చాయి. అక్క ఆ తర్వాత చాలాకాలం బతికింది, మనవలను ఎత్తుకుంది. ఎప్పుడడిగినా ఒక్క అక్షరం మార్చకుండా ఇదే చెప్పింది. కొమురవ్వ మాత్రం చచ్చేదాకా "ఒక్కసారే పిల్శింది" అనే అంది. ఆమెను నేను క్షమించలేదు గానీ, అబద్ధం చెప్పిందని అనను.

రేడియో బాగుచేసే ఒక మెకానిక్‌కు ఇదంతా చెప్పాను. తెలివైనవాడు, నవ్వలేదు. సెల్లు లేకుండా కూడా కొన్ని రేడియోలు సన్నగా పలకొచ్చన్నాడు. పట్టాలున్నాయి, తీగ ఉంది, ఎండ ఉంది, ఎక్కడిదో ఏదో అందుకుని ఉండొచ్చన్నాడు. సరే, అందుకుంది అనుకుందాం. నా పేరు, మా అక్క గొంతు ఏ రేడియో స్టేషన్ వాడికీ తెలియవు, అయినా అనుకుందాం.

"మరి నా మాట ఎట్ల పోయింది?" అని అడిగాను.

అతను స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "రేడియోకు నోరే ఉంటది సేట్. చెవి ఉండది" అన్నాడు.

దానికి చెవి ఎక్కడిదని ఇన్నేళ్లూ వెతికాను. మనిషి కానిది మూడుసార్లు పిలవలేదన్న లెక్క ప్రకారం అది దయ్యం కాదు. అక్క బతికే ఉంది కాబట్టి ఏ లెక్క ప్రకారమూ కాదు. అందుకే దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. అది ఏమిటో మాత్రం నాకు తెలియదు.

ఆ తర్వాత కూడా కొత్త సెల్లులు వేసి ఎన్నో ప్రయాణాల్లో చూశాను. ఇంటికన్నె దాటాక చెవికి ఆనించుకుని మరీ చూశాను. గరగరే. దుకాణదారు దగ్గరికి మళ్లీ పోయాను, వాపసు తీసుకోలేదు. జరిగింది అతని చెవిన కూడా పడ్డట్టుంది. "పాడిందట గద సేట్, ఇగ ఫిర్యాదేంది?" అన్నాడు.

ఆ రేడియో ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఫిర్యాదు కూడా ఉంది. పోతున్న రైల్లో పాడుతుందని అమ్మాడు, ఒక్కరోజూ పాడలేదు. ఒక్కరోజు మాత్రం విన్నది. వింటుందని అతను నాకు చెప్పలేదు.